మిరుగునాటి పెద్ద చేప

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికొచ్చి, "సర్వీసులో మీరు సాధించింది ఏదైనా చెప్పండి సార్" అన్నారు. ఏం చెప్పను? బీదరు పక్కన చేపపిల్లల ఫారంలో ఫీల్డ్‌మన్‌గా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. అందులో సగం కాలం మోకాళ్ళ దాకా నీళ్ళలోనే నిలబడి ఉంటాను. అయితే మా ఫారంవాళ్ళందరం కలిసి ఒక ఘనకార్యం చేశాం. మాకే తెలియకుండా, ఒక చేపల గుంపు తీరునే మార్చిపారేశాం. ఆ సంగతి మొదలుపెట్టేసరికి పిల్లలు ఫోన్లు బయటికి తీశారు. అందుకే రాస్తున్నాను. కాగితమైతే మీరు మధ్యలో లేచిపోయినా నాకు తెలియదు, నా మనసు నొచ్చుకోదు.

ఫారం పనిలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. తల్లిచేపల కుంట అని ఒకటి ఉంటుంది. గుడ్లు పెట్టే వయసొచ్చిన ఆడ, మగ రోహు చేపలను అందులో పెంచుతాం. వానల వేళకు వాటికి ఇంజెక్షన్ ఇచ్చి, నీళ్ళు తిరిగే తొట్టిలో వదిలితే గుడ్లు పెడతాయి. వాటి నుంచి వచ్చిన పిల్లలను చెరువులవాళ్ళు తీసుకుపోయి పెంచుకుంటారు. కొన్నిటిని మేమే ఉంచుకుని, ఎదిగాక మళ్ళీ తల్లిచేపల కుంటలో వేస్తాం. బయటి నుంచి కొత్త చేపను తేవాలన్న ఆలోచన మాలో ఎవరికీ ఎప్పుడూ రాలేదు. ఇంట్లో ఉండగా బజారుకు పోవడమెందుకు అనుకున్నాం, అంతే.

నా సర్వీసు చివరి ఏళ్ళలో ఒక పొద్దున హుల్సూర్ వైపు నుంచి ఒక అక్క వచ్చింది. అక్కడ ఒక చెరువు తీసుకుని చేపలు పెంచే సంఘానికి ఆమే పెద్ద. వయసులో నాకన్నా చిన్నదే, కానీ ఊరంతా అక్కా అని పిలుస్తుంటే నేను మాత్రం వేరే ఏమని పిలుస్తాను? తెచ్చిన బకెట్‌ను నా కాళ్ళ దగ్గర దబ్బున పెట్టింది.

"సారూ, జర ఇటు సూడున్రి. ఇవి మీరిచ్చిన రోహులే. ఏడాది దాటింది. దాణా పెట్టినం, పేడ ఏసినం, కాపలా కాసినం. ఎంతున్నయ్ సూడున్రి!"

చూశాను. జానెడు దాటి ఓ నాలుగు వేళ్ళు ఉన్నాయేమో. సిగ్గేసింది.

"నీళ్ళు తక్కువైనయేమో అక్కా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా.

"నీళ్ళు నిండుగున్నయ్. గదే చెరువుల బొచ్చె చేపలు మంచిగనే పెరిగినయ్. వాటి పిల్లల్ని వేరే కాడికెళ్ళి తెచ్చినం. మీ రోహులకే ఏం రోగమొచ్చిందో!" అంటూ ఒక చేపను తీసి పొట్ట మీద బొటనవేలితో ఒత్తింది. సన్నటి గుడ్లు కారాయి. "ఇంతంత దానికి అప్పుడే కడుపా సారూ?"

ఆమె గట్టు మీద కూర్చుని, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "పోయినేడే మావోళ్ళు చెరువు ఇడిసిపెడ్దమన్నరు. నేనే ఆపిన. ఒక్కసారి సబర్ చేయున్రి, నా జిమ్మేదారి అని మాటిచ్చిన. ఇంకొక్కసారి గిట్ల అయితే సంఘం ఉండదు, చెరువును ఎవడో గుత్తెదారు తీస్కపోతడు. మా పోరగాండ్లు హైదరాబాద్‌ల సెంట్రింగ్ పనికి పోతమని బ్యాగులు సదురుకుంటుండ్రు. మీరు మంచి పిల్లల్నిస్తరా, ఇయ్యరా? గదొక్కటి సాఫ్‌గ చెప్పున్రి."

సాఫ్‌గా చెప్పడానికి నాకేం తెలుసని? చూద్దాం అక్కా అన్నాను. ప్రభుత్వోద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు వాడిన మాట అదే.

ఆ తరవాత మా ఫారంలో జరిగిన చర్చలు వింటే మీరు నవ్వుతారు. మా ఇన్‌ఛార్జి సారుది మైసూరు వైపు. ఇస్త్రీ చెదరని మనిషి, మాట మెత్తన, పైవాళ్ళంటే చచ్చేంత భయం. ఆయన దాణాలో లోపం అన్నాడు. దాణా మార్చాం. నీళ్ళు పరీక్షకు పంపాం, బాగున్నాయని వచ్చింది. మా వంటమామ పేరుకే వంటవాడు, వల లాగడం దగ్గర్నుంచి అన్నీ చేస్తాడు. "నజర్ తగిలింది మియా, ఇంకేం లేదు" అని కుంట చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాడు. దగ్గు వచ్చింది కానీ చేపలు పెరగలేదు. ఇక నా సిద్ధాంతం ఏమిటంటే, చేపలు తెలివిమీరాయి. పెద్దగా పెరిగితే వలలో పడతామని కనిపెట్టి, కావాలనే చిన్నగా ఉండిపోతున్నాయని. నవ్వకండి, అప్పుడు నాకు అది గొప్ప ఆలోచనలాగే కనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే చేపల చదువు చదివిన ఒక కొత్త మేడం మా ఫారానికి వచ్చింది. కమలనగర్ అమ్మాయి. ఇంట్లో మరాఠీ, ఆఫీసులో కన్నడం, మాతో మాట్లాడితే మా తెలుగే. నన్ను మామా అని పిలిచేది. ఆమె చేసిన పని చాలా మామూలుది. మంజీర ఏటిలో దొరికిన రోహు పిల్లలను తెప్పించి, ఒక రెక్క కొస కత్తిరించి గుర్తు పెట్టింది. వాటినీ, అదే సైజున్న మా ఫారం పిల్లలనూ ఒకే కుంటలో వేయించింది. అవే నీళ్ళు, అదే దాణా. నజర్ తగిలితే రెండింటికీ తగలాలి.

ఏడాది తిరిగాక వల లాగాం. గుర్తున్న ఏటి చేపలు నా మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉన్నాయి, కడుపులు ఖాళీ. ఇంకా పెరుగుతున్న పిల్లలవి. మావి అందులో సగం, పొట్టలు మాత్రం గుడ్లతో పగిలిపోయేలా ఉన్నాయి. వంటమామ ఒక చేతిలో ఒకటి, ఇంకో చేతిలో ఒకటి పట్టుకుని మార్చి మార్చి చూశాడు. "ఇవి రెండూ ఒకటే చేపలంటె ఎవడు నమ్ముతడు?" అన్నాడు.

అప్పుడు నా తెలివి సిద్ధాంతం బయటపెట్టాను. మేడం నవ్వు ఆపుకుని చెప్పింది.

"చేప ఏం అనుకోలే మామా. ఒక కుంటల అన్నీ ఒక్క తీరుగ ఉంటయా? ఒక తల్లి పిల్లలే ఒక్క తీరుగ ఉండరు. కొన్ని బాగ పెరిగినంక గుడ్లు పెడతయ్, కొన్ని చిన్నగున్నప్పుడే పెడతయ్. సరే, ఈ కుంటలకెళ్ళి చేపలు తీయాలంటె మీరు ఏది తీస్తరు?"

"పెద్దది తీస్తం."

"ఏటా పెద్దది తీస్తిరి. మరి పిల్లల్ని కనెటందుకు ఎవరు మిగిలిన్రు?"

నేను లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను, మధ్యలోనే ఆపేశాను. వద్దనిపించింది. చిన్నదే మిగిలింది. దాని పిల్లలు దాని తీరుగానే పుట్టాయి. వాటిలో కాస్త పెద్దదాన్ని మళ్ళీ తీశాం. అలా తరం వెనక తరం. ఏ ఒక్క చేపా తనకు తాను మారలేదు, గుంపు మారింది. మారాలని ఎవరూ అనుకోలేదు. వల లాగిన చేతులు నావే అయినా ఆ సంగతి నాకు ఎవరో చెప్పాల్సి వచ్చింది.

పెద్దవాటిని ఎందుకు తీశామంటారా? మిరుగు కోసం. మృగశిర కార్తె మొదలైన రోజున మా వైపు చేప తినని ఇల్లుండదు. ఎండలు పోయి వానలు వచ్చే వేళ ఒంట్లో వేడి ఉండాలంటారు. మేం చర్చికి పోయేవాళ్ళమే కానీ ఆ నాడు మా ఇంట్లోనూ చేపల పులుసే. ఆ రోజు బజారులో చేప దొరకదు, అందరి చూపూ మా ఫారం మీదే. పై సారుకు ఒకటి, ఆయన పై సారుకు ఒకటి, కరెంటాఫీసుకు ఒకటి. అన్నీ తల్లిచేపల కుంటలోంచే, అన్నీ పెద్దవే. ఇచ్చేదేదో ఘనంగా ఇవ్వాలి కదా! మా చర్చిలో పంట పండగ వేలానికి కూడా అక్కడి నుంచే మంచి చేప పోయేది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు అప్పటి ఫీల్డ్‌మన్ నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. "వాళ్ళు అడగకముందే ఇయ్యి తమ్మీ, అడిగినంక ఇస్తే ఇజ్జత్ లేదు" అన్నాడు. ఇంకోమాట, మిరుగంటే సరిగ్గా చేపలు గుడ్లతో ఉండే కాలం. పెద్ద తల్లిని, కడుపులో పిల్లలతో సహా పంపించేవాళ్ళం.

ఇక చేయాల్సింది ఏటి నుంచి పెద్ద చేపలను తెచ్చి కొత్తగా మొదలుపెట్టడం. అప్పటి దాకా బొచ్చెలతోనే సంఘాన్ని నెట్టుకొచ్చిన అక్కకు ఆ మాట చెబితే, "గంతేనా? మా మరుదులు మంజీరల పుట్టినోళ్ళే" అంది. ఆ చలికాలమంతా వాళ్ళు ఒక్కోచోట ఒక్కోటి పట్టి, తడిగోనెలో చుట్టి, నీళ్ళ డ్రమ్ములో వేసి ప్రాణంతో తెచ్చారు. అన్నీ ఒకే చోటివైతే మళ్ళీ అక్కాచెల్లెళ్ళూ అన్నదమ్ములే అవుతారని మేడం పట్టుబట్టింది. దారిలో కొన్ని పోయాయి. చివరికి అయిదు ఆడవి, కొన్ని మగవి మిగిలాయి. వాటికి వేరే కుంట ఇచ్చాం. ఆడవాటిలో ఒకటి ఎంత ఉందంటే, దాన్ని ఎత్తుకోవడానికి నాకు రెండు చేతులూ చాలక పొట్టకు ఆనించుకున్నాను.

ముందు మా ఆడచేపలకు ఏటి మగచేపలను జతచేద్దామనుకున్నాం. కుదరలేదు. ఏటా అందరికన్నా ముందు పిల్లలు అమ్మాలన్న ఆత్రంలో మేం ముందుగా పండిన తల్లులకే ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్ళం. అందుకని మా ఆడవి ఎండాకాలంలోనే గుడ్లతో తయారు. ఏటి మగవాటి పొట్ట ఒత్తి చూస్తే చుక్క లేదు. వాటికి ఇంకా వానలు పడాలి, కొత్తనీరు రావాలి. ఇవి తయారైనప్పుడు అవి కావు, అవి తయారయ్యేసరికి వీటి గుడ్లు లోపలే కరిగిపోతాయి. మేడం వచ్చి కుంట గట్టున కూర్చుంది.

"సూసినవా మామా, కొత్త జాతులు పుట్టేది గిట్లనే. ఒక్కటే గుంపు రెండైతది, ఒకరి కాలం ఒకరికి కలవదు. ఇట్లనే వేలవేల తరాలు వేరేగ ఉంటె, ఒకనాడు పక్కపక్కన పెట్టినా కలవవు. అప్పుడు ఇది వేరే జాతి, అది వేరే జాతి అంటం."

"అంత దాకా మనం ఉండం మేడం. మిరుగు మాత్రం వచ్చే వారమే" అన్నాను. ఇక ఆశంతా ఆ ఏటి చేపల మీదే. వాటికి వాటితోనే గుడ్లు పెట్టించాలి. వాటిలో ఒక్కటి పోయినా పోయినట్టే.

మిరుగు రానే వచ్చింది. మేడం శిక్షణకని బెంగళూరు పోయింది. తన మరుదులు పట్టిన చేపలు ఎలా ఉన్నాయో చూద్దామని అక్క పొద్దున్నే వచ్చింది. ఇన్‌ఛార్జి సారు తల్లిచేపల కుంటలో వల వేయించి, పడినవాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని బుట్టలో పెట్టించి చూశాడు. బుట్ట మూలన అది చిన్నబోయి పడుంది. ఆయన ముఖం కూడా అలాగే అయింది. మధ్యాహ్నానికి జిల్లా సారు వస్తున్నాడు. ఏటా ఆ రోజు తనిఖీ పేరుతో వచ్చి, చేప తీసుకుపోవడం మామూలు.

"ఇది ఎలా ఇస్తామ్రీ? నవ్వుతారు. ఆ కుంటలో వల వేయండి" అన్నాడు, ఏటి చేపల కుంట చూపిస్తూ. ఆయన మాట్లాడింది కన్నడంలో, నేను తెలుగులో చెబుతున్నాను. "అయిదు ఉన్నాయి కదా. ఒక్కటే."

"ఒక్కటే, ఒక్కటే అనుకుంటనే గిన్నేండ్లు తీసినం సార్."

"నా ప్రమోషన్ ఫైలు ఆయన దగ్గరుందండీ" అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు. నాకు ఆయన మీద జాలి కూడా కలిగింది, కానీ దానికన్నా కోపం ముందొచ్చింది.

గట్టు మీద నుంచి అక్క లేచింది. "సార్, మీకు దండం పెడత. వీటి పిల్లలే తీస్కపోయి మా చెరువుల ఏస్తనని మాటిచ్చిన. గా పెద్దది పోయిందంటె నా మాట గూడ పోయినట్టే. రేపటికెళ్ళి మావోళ్ళ మొఖం ఎట్ల సూడాలె నేను?"

ఇన్‌ఛార్జి సారు నేల చూపులు చూశాడు. వంటమామ వల భుజాన వేసుకుని కుంట వైపు నడిచాడు. నాకు ఏం తోచిందో, చెప్పులు గట్టున విడిచి, ప్యాంటుతోనే కుంటలోకి దిగాను. నడుము లోతు నీళ్ళలో నడిమధ్య నిలబడ్డాను. వల లాగాలంటే నన్ను దాటి లాగాలి.

"అరె మియా, బయటికి రా! మసాలా నూరిపెట్టిన" అని వంటమామ కేకేశాడు.

"వంకాయలల్ల పెట్టు నీ మసాలా!"

"దిమాక్ ఖరాబైందా? ఉద్యోగం పోతది!"

"పోనీ! ఇంకెన్ని నెలలున్నదది? చేప మీద చెయ్యెయ్యి, చెప్త నీ పని!"

ఇలా మేమిద్దరం అరుచుకుంటూ ఉండగానే జీపు వచ్చి ఆగింది. జిల్లా సారు దిగి గట్టు మీదికొచ్చాడు. నీళ్ళలో నేను, వలతో వంటమామ, కొంగు నడుముకు దోపిన అక్క, మధ్యలో చెమటతో తడిసిన ఇన్‌ఛార్జి సారు. "ఏమిటిది? ఆయన నీళ్ళలో ఏం చేస్తున్నాడు?" అని అడిగాడు.

చెప్పాల్సింది నేనే అనుకుని నోరు తెరిచాను. అప్పుడు ఇన్‌ఛార్జి సారు, ఆ మెత్తటి మనిషి, ఒక అడుగు ముందుకు వేశాడు. "సార్, ఈసారి మీకు చేప లేదు సార్. ఇవి విత్తనానికి పెట్టుకున్నవి. ఇవ్వలేను" అన్నాడు. చూస్తున్న నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనిషిని ఎన్నేళ్ళు చూసినా ఇంకా చూడాల్సింది మిగిలే ఉంటుంది.

జిల్లా సారు ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. తరవాత పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు.

"అబ్బ, బతికించావయ్యా! మా ఇంట్లో ఎవరం చేప ముట్టం. వాసన కూడా పడదు మా ఆవిడకు."

"మరి ఏటా తీసుకుపోతారు కదా సార్?" అన్నాడు ఇన్‌ఛార్జి సారు.

"నాకు ముందున్నాయన చార్జి ఇస్తూ చెప్పాడు. ఫారంవాళ్ళు ప్రేమతో ఇస్తారు, కాదంటే చిన్నబుచ్చుకుంటారు, తీసుకో అన్నాడు. మొహమాటానికి తీసుకుపోయి డ్రైవర్‌కు ఇస్తుంటాను."

డ్రైవరు జీపు అద్దం తుడవడంలో మునిగిపోయాడు.

నేను నీళ్ళలో అలాగే నిలబడి ఉన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అడిగినవాడు లేడు, కావాలన్నవాడు లేడు. వాళ్ళు నొచ్చుకుంటారని మేం ఇచ్చాం, మేం నొచ్చుకుంటామని వాళ్ళు తీసుకున్నారు. ఈ మర్యాదల మధ్య ఒక చేపల గుంపు సగానికి కుంచించుకుపోయింది. జిల్లా సారు ఆ రోజు గుత్తివంకాయ కూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిని, మసాలా అద్భుతం అని వంటమామను మెచ్చుకుని మరీ పోయాడు. ఇన్‌ఛార్జి సారుకు ప్రమోషన్ కూడా వచ్చింది. కాస్త ఆలస్యంగా, అందరికీ వచ్చినట్టే.

వానలు దిగాక ఏటి చేపలు తయారయ్యాయి. పెద్ద తల్లి పెట్టిన గుడ్లు తొట్టిలో సగ్గుబియ్యంలా తేలుతుంటే అక్క వంగి చూసి కళ్ళు తుడుచుకుంది. మొదటి పిల్లలు ఆమె చెరువుకే పోయాయి.

మరుసటి ఏడు ఆమె చెరువులో వల లాగే రోజున నన్ను రమ్మని కబురుపెట్టింది. నేను రిటైర్ కావడానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. సంఘంవాళ్ళంతా గట్టు మీదే ఉన్నారు. హైదరాబాద్ పోతామన్న పోరగాళ్ళు వల తాళ్ళు పట్టుకున్నారు. మొదటి లాగుడుకు నిరుడు మిగిలిన మా పాత రోహులే పడ్డాయి, జానెడు పొడుగువి. ఒక పెద్దమనిషి అక్క వైపు చూసి ఉమ్మేశాడు. ఆమె ముఖం నేను చూడలేకపోయాను.

"లోతుకు ఏయున్రి. తూము దిక్కు ఏయున్రి!" అని అరిచింది.

తూము వైపు వేశారు. ఈసారి తాళ్ళు బిగుసుకున్నాయి. పోరగాళ్ళు కాళ్ళు తన్నిపెట్టి లాగుతుంటే వల దగ్గరకొచ్చే కొద్దీ నీళ్ళు ఉడికినట్టు లేచాయి. అవి ఏటి చేపల పిల్లలు. ఒక్కోటి గట్టు మీద పడి తోక కొడుతుంటే జనం వెనక్కి గెంతారు. అక్క బురదలోనే కూలబడింది. "చెరువు మనదే! మనదే ఉంటది ఇగ!" అని నవ్వుతూ ఏడ్చింది. ఉమ్మేసిన పెద్దమనిషే వెళ్ళి ఆమెను చెయ్యిపట్టి లేపాడు.

ఇంతలో ఒకతను వలలో అన్నిటికన్నా పెద్దదాన్ని ఎత్తి పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "సారూ, ఇది మీకు. కాదనొద్దు" అన్నాడు. ఎర్రటి రెక్కలు, నిండు ఒళ్ళు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళాయి.

"ఏయ్, ఇడువ్ దాన్ని!" బురద కాళ్ళతోనే అక్క పరుగెత్తుకొచ్చింది. "పాణం పోకముందే డ్రమ్ములెయ్యి. అది సార్‌కు గాదు, సార్ ఫారంకు!"

చేపను డ్రమ్ములో వేశారు, డ్రమ్మును ట్రాలీలో ఎక్కించారు. ట్రాలీ మా ఫారం దారి పట్టింది. నేను బసవకళ్యాణ్ మీదుగా బస్సులో బీదరు చేరాను.

తలుపు తీసిన మా ఆవిడ నా చేతులు చూసింది. "గంత పెద్ద చెరువు కాడికి పోయి ఉత్త చేతులతోని వచ్చిన్రేంది? చేపేది?"

"డ్యూటీల చేరింది" అన్నాను.